పైపుల బ్యానర్ మీద నా నవ్వు

ఒక్క బ్యానర్‌తో ఊరంతటినీ పోగుచేసి, అదే ఊరి ముందు పరువు పోగొట్టుకున్నవాణ్ణి మీరు చూసి ఉండరు. చూడండి, నేనే.

అప్పట్లో చిక్కబళ్ళాపురలో డ్రిప్ పైపులు అమ్మే ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. సునంద, నాగరాజు, నేను ఒక జట్టు. అది ఆఫీసు లెక్క. నా లెక్కలో నేనూ, నాకు సాయంగా మరో ఇద్దరూ!

పాతపాళ్యలో రైతులకు పైపులు చూపించాలి. అక్కడా అమ్ముడుపోకపోతే మా శాఖ మూసేస్తామని పైనుంచి మాట వచ్చింది. నాగరాజు ఎండలో మాడుతూ టమాటా తోటలో పైపులు పరిచాడు. సునంద ఇల్లిల్లూ తిరిగి రైతులను పిలిచింది. నా వంతు బాగేపల్లిలో బ్యానర్ అచ్చు వేయించి తేవడం.

వేయించాను. నిలువెత్తు నా ఫోటో, చేతులు జోడించి, పెళ్ళికొడుకులా నిగనిగలాడుతూ. పైపు ఎక్కడుందంటారా? నా కాళ్ళ దగ్గర, జారిపోయిన మొలతాడులా.

సునంద చూసి, "మా పేర్లు యాడప్పా?" అంది.

"జాగా చాల్లేదమ్మా."

"నీ మీసానికి చాలిందే!"

పైపులు చూపించే రోజు తోట దగ్గర జనం విరగబడ్డారు. "అంతా నా మొహం మహిమ" అని నాగరాజుతో అంటుండగానే ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మా వీధి కొళాయికి నీళ్ళు రాలేదు నాయనా. గెలిస్తే ఇప్పిస్తావా?"

"గెలవడమేందమ్మా?"

"ఇంతకీ ఏ పార్టీప్పా నువ్వు?" అన్నాడు పక్కనున్న పెద్దాయన.

"బిర్యానీ యాడ పెడతాండారు?" వెనకనుంచి ఇంకో కేక.

సరిగ్గా అప్పుడే మా మేనేజరు కారు దిగాడు. జనాన్ని చూశాడు, బ్యానర్ చూశాడు.

"ఇది ఎవరి ఆలోచన?"

మెచ్చుకోలు అనుకున్నాను. "పూర్తిగా నాదే సార్! వీళ్ళిద్దరికీ ఏ సంబంధమూ లేదు."

"మంచిది. తిట్లు పంచాల్సిన పని తప్పింది" అన్నాడు. తర్వాత అన్నవి అచ్చువేయదగ్గ మాటలు కావు.

బిర్యానీ లేదని తెలిసి జనం కదిలిపోసాగారు. శాఖ మూతపడ్డట్టే. ఇంతలో నాగరాజు పరుగెత్తి వాల్వు తిప్పాడు. "ఓట్లొద్దు, ఏమొద్దు! నీళ్ళు చూసి పోండప్పా!" అని సునంద కేకేసింది. సగంమంది ఆగారు. మొక్కల మొదట్లో చుక్కచుక్కా పడుతున్న నీళ్ళను వంగి చూశారు. సాయంత్రానికి మా ముగ్గురి ఉద్యోగాలూ నిలబడ్డాయి.

పోతూ పోతూ ఆ పెద్దాయన నా భుజం తట్టాడు.

"పైపులు బాగుండాయప్పా, తీసుకుంటాం. ఓటు మాత్రం నీకెయ్యం."

కనుక మహాజనులారా, భూమ్యాకాశాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా ఫోటో ఇక ఏ బ్యానరూ ఎక్కదు. గ్రూపు ఫోటోలో కూడా నాగరాజు వెనకే నిలబడతాను. వాడు నాకన్నా జానెడు పొడుగు.