మీ అమ్మగారా అని అడిగితే

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ మీకు చెబుతున్నానంటే, ముందు చెప్పవలసినవాళ్లకు చెప్పేశాను కాబట్టి.

అమ్మ పోయాక అక్కుపల్లిలో నన్ను పెంచింది మా పిన్ని. పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్లేది. జీడి రసానికి ఆమె వేళ్లు నల్లబడి, తోలు లేచిపోయేది. ఆ వేళ్లతోనే నాకు అన్నం కలిపి పెట్టేది.

జర్మనీలో పరిశోధన చేస్తూ, అక్కడే మొదటి ఏడాది విద్యార్థులకు పాఠాలు చెప్పేదాన్ని. ఆ రోజు తెల్లారినప్పటి నుంచీ పరుగే. పొద్దున నా సెమినారు, అది అవగానే క్లాసు. నా పాఠం ఎలా ఉందో చూడడానికి మా ప్రొఫెసరు వచ్చి వెనక కూర్చున్నారు. ల్యాప్‌టాప్ తెరకు కలిపి ఉంది. వీడియో కాల్ వస్తే ఆపబోయి ఎత్తేశాను. గోడంత పిన్ని. తలకు గుడ్డ, నల్లటి వేళ్లు. విద్యార్థులు నవ్వుతూ చేతులూపారు. పిన్ని కూడా ఊపింది. కాల్ ఆపేశాక, మీ అమ్మగారా అని ఒకమ్మాయి ఆప్యాయంగా అడిగింది.

కాదు, మా ఇంట్లో పనిచేసే ఆవిడ అన్నాను.

ఎందుకన్నాను? ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. హడావిడిలో అనేశానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, హడావిడిలో నోటికి ముందు రావలసింది అమ్మ అనే మాటే కదా, అది రాకుండా ఇంకోటి అంత తయారుగా ఎలా వచ్చింది?

సాయంత్రం పిన్ని మళ్లీ ఫోన్ చేసింది.

"ఆ పిల్లలకి నన్నెవరని సెప్పినావే?"

"అమ్మవని సెప్పినాను పిన్నీ."

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు అందరికీ చెప్పుకునే వేళ పిన్ని లేచి, పరాయి దేశంలో అందరి ముందూ నా బిడ్డ నన్ను అమ్మ అంది అని సాక్ష్యం చెప్పిందట.

ఈసారి సెలవుల్లో చెప్పకుండా తిరిగి విమానం ఎక్కకూడదనుకున్నాను. నిన్న పిన్ని వాకిట్లో చేపలు కడుగుతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"సర్చి సంగంలో అందరికీ సెప్పీసినాను గదే," అంది. "ఇప్పుడు ఆలకేటి సెప్పమంటావు?"

"నేనే సెప్తాను."

వద్దనలేదు. సరే అని కూడా అనలేదు.

ఈ ఉదయం చర్చిలో సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. ఏ మాటా దాచకుండా, ఆ క్లాసులో ఏమన్నానో, ఫోన్లో ఏం చెప్పానో అన్నీ చెప్పాను. పిన్ని తలెత్తలేదు. ప్రార్థన అయ్యాక నాకోసం ఆగలేదు. ఆమె వెనకే ఇంటిదాకా నడిచాను. క్షమించమని అడగలేదు. అడిగితే మళ్లీ ఆమె దగ్గరే ఏదో తీసుకున్నట్టవుతుంది.

తేలికపడ్డానా అంటే, పడ్డాను. ఆ తేలిక నా ఒక్కదానిదే అని కూడా తెలుసు.