ఎగరలేని నీటికోళ్లు

మా మేనమామ మారిషస్ చెరుకు తోటల్లో పనిచేసి, జ్వరంతో పోయిన అత్తను అక్కడే పూడ్చి, ఒక్కడే మార్కాపురం తిరిగొచ్చాడు. ఒకరోజు అమ్మ చెరువు దగ్గర పట్టిన నీటికోడిని కూరకు కొనుక్కొస్తే, చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఆ దీవిలో దీని జాతిదే ఎర్రకోడి ఉండేదంట అక్కా. ఎగరలేదు. ఎర్రగుడ్డ ఊపితే దగ్గరికొచ్చేదంట. కర్రలతో కొట్టి తిని, ఒక్కటి లేకుండా చేసినారు."

"అన్నీ పోయినాయా?"

"దూరంగా ఇంకో దీవిలో అట్లాంటివే ఉన్నాయి. తాబేళ్లు పట్టే పడవలో కూలికి పోయినప్పుడు చూసినా. అవీ ఎగరలేవు. భయం లేకుండా నా కాలివేలు పొడిచి చూసినాయి."

"మరి అవెట్ల మిగిలినాయి?"

"ఆడ తాగను నీళ్లు లేవు. మనుషులు నిలవలేదు."

అమ్మ కూర వండింది, మేం తిన్నాం. మామ గంజి తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడు.