ఫాంటు మర్చిపోయాను

నిరుడు పోయిన మా డీటీపీ షాపు మిత్రుడి కంప్యూటర్ బాగా నెమ్మదించిందని ఆయన భార్య అంటే, ఈ రోజు హనుమాన్ జంక్షన్ వెళ్లి విండోస్ తీసేసి లైనక్స్ వేశాను. ఆయన ఫైళ్లన్నీ ముందే జాగ్రత్తగా కాపీ చేశాను. ఆయన వాడిన పాత తెలుగు ఫాంటు మాత్రం మర్చిపోయాను. డిస్కుతోపాటు అదీ చెరిగిపోయింది.

"ఇదొక్కటి తెరవండి. ఇన్నాళ్లూ ధైర్యం చాల్లేదు" అన్నారు ఆయన భార్య. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో 'సుజాతకి'. తెరిస్తే, ఫాంటు లేక, రెండు పేజీల తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ అయిపోయి ఉంది.

"ఇందులో నా పేరెక్కడుందండీ?" అని అడిగారు సుజాత గారు.

ఫైలు పేరులో మాత్రమే చూపించగలిగాను.

కొత్తగా లైనక్స్‌కి మారేవాళ్లకి ఫైళ్లు దాచుకోమని ఇన్నేళ్లూ పాఠాలు చెప్పిన పెద్దమనిషిని నేనే. ఫాంట్లు కూడా దాచుకోండి. ఆ ఫాంటు పేరు కామెంట్లో పెట్టాను, ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.

వచ్చేస్తుంటే ఆవిడే నన్ను ఓదార్చారు. "పర్లేదండీ. ఆయన చేతిరాత కూడా నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు."