నాయిన పొట్ట, నా బాయిలర్ తెలివి

మా నాయినను కాపాడబోయి ఆయన ప్రాణం మీదికి తెచ్చిన ఘనుణ్ని నేను. ఎలా తెచ్చానో చెబుతాను, మీరు ధారాళంగా నవ్వుకోండి.

అప్పట్లో పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ నడిపేవాణ్ని. నాకు తెలియని విషయం లేదనుకునే వయసు. కడుపునొప్పి అంటే నాయినను సంగారెడ్డి తీసుకెళ్లి స్కానింగ్ చేయించాను. పొట్టలోని పెద్ద రక్తనాళం ఒకచోట ఉబ్బిందని డాక్టరమ్మ చెప్పారు.

"చిన్నదే, ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు. బాగా పెరిగితేనే పగిలే భయం," అని, ఇంకా ఏవేవో చెప్పి చీటీ రాసిచ్చారు.

'పగిలే' దగ్గరే నా చెవులు మూతపడ్డాయి. పైపు ఉబ్బితే ఫ్యాక్టరీలో ఏం చేస్తాం? లైన్ బంద్ చేస్తాం. నాయినను కూడా బంద్ చేశాను. బీరంగూడలో మా వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నడక వద్దు, మెట్లు వద్దు, వీలైతే తుమ్ము కూడా వద్దు. 'కదిలించరాదు' అని ఎర్ర అట్ట మీద రాసి కుర్చీకి కట్టాను. వీధిలో వాళ్లు పనిగట్టుకుని వచ్చి చదివిపోయారు.

"నేనేమన్న మోటర్‌నారా?" అన్నాడు నాయిన.

"పలిగితే తెలుస్తది. సప్పుడు జేయక కూసో."

"ఊకె కూసుంటె పిచ్చి లేస్తది. బీడీ కట్టన్న తెచ్చియ్యి."

నా భార్య సుజాత అడ్డం పడింది. "గదొద్దు. డాక్టరమ్మ చీటీల ఏం రాసిందో జెర సూడరాదు."

"బాయిలర్ నడిపేది నువ్వా, నేనా?" అన్నాను. బీడీ ఉంటే నాయిన కుర్చీ దిగడు, నాకు కావలసింది అదే. రోజుకో కట్ట నేనే తెచ్చి, నేనే అగ్గిపుల్ల గీసి ముట్టించాను.

నెల తిరిగేసరికి నాయినకు తల తిరగడం మొదలైంది. పరుగున తీసుకెళ్తే బీపీ ఆకాశంలో ఉంది. డాక్టరమ్మ వెంటనే మళ్లీ స్కానింగ్‌కు పంపారు. తలుపు బయట నిలబడ్డ ఆ కాసేపూ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. అమ్మ ఎప్పుడో పోయింది, నాకున్న పెద్దదిక్కు ఆయనొక్కడే.

"ఉబ్బు పెరగలే, నయం," అన్నారు డాక్టరమ్మ. నాకు ఊపిరి వచ్చింది. "రోజూ మెల్లగ నడవమన్న గదా, నడుస్తున్నరా?"

"నేనే ఆపిన మేడం."

"ఉబ్బును పెంచేదే పొగ. బీడీ మానేసిండ్రా?"

నేను నోరు తెరిచేలోపే నాయిన జవాబు చెప్పాడు. "యాడ మానతనమ్మా, కొడుకు గంత ప్రేమగ ముట్టిస్తుంటె?"

నాయిన ఆ రోజే బీడీ మానేశాడు. మాత్రలు వేసుకుంటాడు, పొద్దున్నే నడుస్తాడు. ఏటా స్కానింగ్‌లో ఉబ్బు ఎంతుందో అంతే ఉంది. కాబట్టి నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: డాక్టరు మాట పూర్తయ్యేదాకా నోరు తెరవను, అగ్గిపెట్టె అసలే తెరవను.