గని షిఫ్టు గడియారం, ఆలస్యమైన గ్రహణం

ఏడేళ్లుగా నాకు ఒక జంట నక్షత్రం పిచ్చి పట్టుకుంది. రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని తిరుగుతుంటాయి, మసకది ముందుకొచ్చినప్పుడల్లా గ్రహణం పడుతుంది. తేలికైనదాని వాయువు బరువైనదానిలోకి జారే కొద్దీ రెండూ కాస్త ఎడమవుతాయి. అప్పుడు చుట్టు తిరగడానికి ఎక్కువ సేపు పడుతుంది, గ్రహణం ఏటికేడు ఆలస్యమవుతుంది. నా లెక్కల్లో ఆ ఆలస్యం కనబడుతోంది. మిత్రులేమో అది నా కళ్ల తప్పంటారు. తేల్చుకోవడానికి ఈ ఫిబ్రవరిలో ఒక్క సాయంత్రమే మిగిలింది. అది తప్పితే మళ్లీ చలికాలం దాకా ఆగాలి. బెంగళూరు వెలుతురులో దాన్ని చూడటం నా వల్ల కాదు.

మధ్యాహ్నం మారికుప్పం రైలెక్కి బంగారు గనుల ఊరు కోరమండల్‌లో దిగాను. టెలిస్కోపు పెట్టెను చూసి ఆటోవాళ్లు వెనకాడితే, మునిరత్నం అనే ఒక ఆటో ఆయన మూడు వందలకు బేతమంగళ చెరువు దాకా వస్తానన్నాడు. గని మూసేదాకా ఆయన లోపల పనిచేసిన మనిషి, ఇప్పుడు ఉండేది బేతమంగళలోనే. దారిలో నా గోడంతా విని, చెరువు గట్టు మీద కుక్కలుంటాయని, తన మిద్దె వాడుకోమన్నాడు.

చీకటి పడగానే ఊళ్లో కరెంటు పోయింది. ఆకాశానికి అది మేలే, కానీ నా ఫోనూ చచ్చింది. నేను అడిగినప్పుడల్లా ఆయన భార్య రత్నమ్మ టార్చి వేసి, గోడ గడియారం చూసి కింది నుంచి టైము చెప్పింది. నక్షత్రం బాగా మసకబారి మళ్లీ తేరుకుంది. నక్షత్రాల వేగం మారకపోతే పడాల్సిన వేళకన్నా ఇరవై నిమిషాలు ఆలస్యం! అంత ఆలస్యమంటే నాకే అనుమానం రావాలి, సంతోషంలో రాలేదు.

సంగటి వడ్డిస్తూ రత్నమ్మ అంది: "ఆ గడియారం పదిహేను నిమిషాలు ముందుంటాదమ్మా. లేటయితే గనిలోకి దించే కేజు వెళ్లిపోతాదని, పెండ్లయిన కొత్తలో నేనే పెట్టినాను."

గని మూసేశారు కదా అన్నాను.

"మూసినారు. ఇంగ మార్చడానికి చెయ్యి రాలే."

కరెంటు వచ్చాక ఫోను వెలిగించి పోల్చాను. గడియారం నిజంగానే పదిహేను నిమిషాలు ముందుంది. అది తీసేసినా ఐదు నిమిషాల ఆలస్యం మిగిలింది. నా లెక్క చెప్పిందీ అంతే.

"అయితే ఉండాదా, లేదా అమ్మా?" అన్నాడు మునిరత్నం.

ఉందన్నాను. ఆయన నాకన్నా ఎక్కువ సంబరపడి ఇంకో ముద్ద వెయ్యమన్నాడు.

ఈ ఒక్క సాయంత్రంతో మిత్రుల నోళ్లు మూతపడవని తెలుసు. వచ్చే చలికాలం మళ్లీ ఆ మిద్దెక్కుతాను, వాళ్లనూ తీసుకెళతాను. మీరూ ఇటు వస్తే పవర్ బ్యాంకు మరచిపోకండి. గని కుటుంబాల ఇళ్లలో గోడ గడియారాన్ని నమ్మకండి, కానీ దయచేసి దాన్ని సరిచేయకండి.