తవుడిచ్చి కొన్న పిల్ల

బడి రిజిస్టర్లో ఆమె పేరు హేమమాలిని. రాయగడ బజారుకి మాత్రం తవిటమ్మ. ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించి తండ్రి గణపతిరావు కొట్లో కూర్చోబెట్టాక ఆ మొదటి పేరు పలికేవాళ్లే లేకపోయారు. కొట్లో పశువుల దాణా, తవుడు అమ్ముతారు గనక తనకా పేరు పెట్టేరని ఇరవయ్యేళ్లూ ఆమె నమ్మింది. "తవుడు కిలో ఎంతమ్మీ?" అని ఎవరైనా వేళాకోళమాడితే తల వంచుకుని తూకం వైపు చూసేది.

2001లో గుణుపురం పెళ్లిలో ఆమె ఎవరితోనో ఆ సంగతే చెబుతుంటే మేనమామ శంకరరావు విని నవ్వేడు.

"కొట్టు నీ తరవాత పెట్టిందే అమ్మీ. నీ ముందు పుట్టిన పిల్ల పోయింది. అందుకే నిన్ను సేటలో ఏసి, అప్పుడు మీరున్న కొల్నారలో పక్కింటి అప్పమ్మకి ఇచ్చేసేరు. మీయమ్మ తవుడిచ్చి మళ్లీ కొనుక్కుంది. పరాయి పిల్లనుకుని సావు దగ్గరికి రాదని."

తనకొక అక్క ఉండేదన్నమాట. ఇంటికొచ్చి తల్లిని అడిగింది. పుణ్యవతి బియ్యంలో రాళ్లేరుతూ, "ఆ ఊసెత్తకు. నీకు మంచిది కాదు," అంది. ఏరిన రాళ్లని మళ్లీ బియ్యంలోనే వేసింది. తవిటమ్మ అది చూసింది.

ఎన్నడూ ఒంటరిగా బస్సెక్కని పిల్ల ఆ ఆదివారం కొల్నార వెళ్లింది. అప్పమ్మ వాకిట్లో మంచినీళ్లు తాగి, అక్క ఊసెత్తకుండానే తిరిగొచ్చేసింది. తరవాతి ఆదివారం మళ్లీ వెళ్లింది.

"ఏటమ్మీ, మళ్లీ నీళ్లకేనా? రాయగడలో కుళాయిలు ఎండిపోనాయా?" అంది అప్పమ్మ.

"మా అక్క పేరేటి, అత్తా?"

ముసలామె నవ్వు ఆగింది. "నాగశ్రీ. ఇరవయ్యొకటో రోజున పేరెట్టేరు. ఆ వారమే జొరమొచ్చి పోనాది."

"ఎక్కడ పాతిపెట్టేరు?"

అప్పమ్మ కర్ర పట్టుకుని తన పసుపు చేలోకి నడిచింది. చేనంతా తవ్వి బోదెలు కట్టి ఉంది. ఈశాన్యం మూల మాత్రం చాప వెడల్పున గడ్డి.

"నేనూ మీ నాన్నా తెచ్చేం. కన్నతల్లిని ఇటు రానివ్వరు గదా. ఈ మూల గునపం పడనివ్వను. నా కొడుకు ఏటేటా తిడతాడు. నేను పోతే తవ్వేస్తాడు."

ఆ రాత్రి అన్నం దగ్గర తవిటమ్మ, "అమ్మా, నాగశ్రీ దగ్గరికెళ్లేను," అంది.

"ఆ పేరెత్తకే. నిన్ను కూడా పిలుచుకుపోతాది."

"ఇరవయ్యేళ్లు బతికేను. అక్కని సూసొచ్చి కూడా బతికే ఉన్నాను. నువ్వూ రా."

పుణ్యవతి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. గణపతిరావు తల ఎత్తకుండా లేచి చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లారి తవిటమ్మ కొట్టు తలుపు తియ్యబోతే, వెనక తల్లి నిలబడి ఉంది. తలకి పోసుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో పాలచెంబు.

"కొల్నార బస్సు ఎన్నింటికే?" అంది.