గోడవైపు తిరిగి చెప్పిన ధర

స్టీలు సామాన్ల కొట్టులో పుట్టి పెరిగినదాన్ని. గిన్నె కొనేముందు వేలితో కొట్టి చూడడం మా కస్టమర్లకి అలవాటు. ఖంగుమంటే సరుకు మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. మెడలో థైరాయిడ్ గడ్డ తీయించుకుని దీవిలో, షాదీపూర్‌లోని మా కొట్టుకి తిరిగొచ్చాక, నన్నూ అలాగే ఒకసారి కొట్టి చూసి పక్కన పెట్టేశారు.

గొంతు పూర్తిగా పోయుంటే జాలైనా పడేవారు. సగమే పోయింది. డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా దింపి తెరమీద చూపించింది. గొంతు అడుగున రెండు తెల్లటి మడతలు. "ఈ... అనండి" అంది. అన్నాను. కుడి మడత వచ్చి మధ్యలో నిలబడింది. ఎడమది కదల్లేదు, మధ్యాహ్నం సగం దించి వదిలేసిన షట్టర్‌లాగ. దానికెళ్ళే నరం ఆ గడ్డని ఆనుకునే ఉంటుందట. ఇలా కావచ్చని ఆపరేషన్‌కి ముందే చెప్పారు. సరేనని తలూపింది నేనే.

"ఊపిరితిత్తుల్లోంచి గాలి పైకొస్తుంటే ఈ రెండూ కలుస్తూ విడిపోతూ అదరాలి. అప్పుడు పుట్టేది ఒట్టి ఝుమ్మనే చప్పుడు. దాన్ని మాటగా మలిచేవి పైనున్న నోరు, నాలుక, పెదాలు. మీకు పైనంతా బాగానే ఉంది. కిందే గాలి కారిపోతోంది."

అర్థమైంది. ఒకే గరిటెతో కొట్టినా బిందె ఒకలా, చెంబు ఒకలా మోగుతాయి. నా బిందె బాగానే ఉంది, గరిటె విరిగింది. సగం గొంతుకి ఫీజు కూడా సగమేనా అని అడుగుదామనుకున్నాను. అంత పొడుగు మాటకి ఊపిరి చాల్లేదు.

నరం కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు, నెలలు ఆగి చూడాలంది.

కొట్లో ఆఖరి ధర చెప్పడం నా పని. చెబుతూ గొంతు మెల్లగా కిందికి దింపి, టక్కున ఆపాలి. బేరమంతా ఆ దింపుడులోనే ఉంది. ఇప్పుడు దింపబోతే గాలే వస్తోంది. గట్టిగా అనబోతే పిట్టగొంతు పైకి లేస్తోంది. ధర చెబుతుంటే అడుక్కుంటున్నట్టుంది. "ఇంకా తగ్గుతుందన్నమాట" అనేవారు అందరూ.

తమ్ముడు మంచివాడు. "అక్కా, నువ్వు లోపల ఆరామ్‌గా కూర్చో. నేను చూస్కుంటాలే" అన్నాడు. లోపలంటే అట్టపెట్టెల మధ్య, ఫ్యాను లేని గది. నాన్న తర్వాత నేను కూర్చున్న గల్లా దగ్గర వాడు కూర్చుని, అడగడం ఆలస్యం తగ్గించేస్తుంటే అన్నీ వినబడతాయి. మాట నాలుక చివరిదాకా తయారై వచ్చి, చప్పుడు లేక అక్కడే ఆగిపోతుంది. సముద్రం మధ్య దీవి, దీవిలో కొట్టు, కొట్టులో గది, గదిలో నేను, నాలో మాట. మా గిన్నెల సెట్టులా ఒకదాంట్లో ఒకటి.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నా గడ్డం పట్టుకుని ఎడమవైపు తిప్పింది. "ఇప్పుడనండి." 'ఈ' అంటూ వచ్చిన గొంతుకి నేనే ఉలిక్కిపడ్డాను. మెడ అటు తిప్పితే పాడైన మడత మధ్యకి ఒత్తుకుని, మంచిదానికి అందుతుందట. నేరుగా చూస్తే మళ్ళీ గాలే.

తర్వాత ఫెరార్గంజ్ నుంచి మా పాత బేరగత్తె వచ్చింది. పెద్ద బిందె కావాలి. తమ్ముడు లొంగిపోతున్నాడని వినబడి బయటికొచ్చాను, వాణ్ణి గల్లా దగ్గర్నించి లేపి కూర్చున్నాను.

"ఏం దీదీ, గొంతెక్కడ పారేసుకున్నావ్?"

"కిందటిసారి బేరమాడి నువ్వే పట్టుకుపోయావుగా" అన్నాను గాలితోనే.

నవ్వింది. "అయితే దీనికీ కొంచెం కమ్ కరో, తగ్గించు."

గల్లాకి ఎడమపక్క గోడ. అటు తిరిగి ధర చెప్పాను. గొంతు దిగింది. ఆగింది.

"బాప్ రే! మొహం కూడా చూపించవా? అంత కోపమా?"

గోడ అరల్లో మెరుస్తున్న బిందెల పొట్టమీద ఆవిడ బొమ్మ సాగదీసినట్టు కనబడుతోంది. చెయ్యి డబ్బు కోసం సంచిలోకి వెళ్ళింది.

ఆ సాయంత్రం నుంచి గల్లా మళ్ళీ నాదే. కొట్టు మూసేటప్పుడు తమ్ముడు తాళాలు చేతిలో పెట్టి, "అక్కా, నామీద కోపం లేదుగా?" అన్నాడు.

వాడి కళ్ళలోకి చూసి లేదన్నాను. ఒట్టి గాలి వచ్చింది.

"ఆఁ?"

గోడవైపు తిరిగి, "లేదు" అన్నాను. ఖంగుమంది.

వాడు నమ్మలేదు.